స్లగ్‌తో జింక వేట: మీ అబ్బాయి గురి ఎందుకు తప్పుతోంది, ఏం చేయాలి

నమస్కారం అండి. మీ ప్రశ్న నిదానంగా చదివాను. మీరు చెప్పింది క్లుప్తంగా ఇదీ: ఒహాయోలో ఉంటారు. మీ అబ్బాయికి 13 ఏళ్లు. హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు పాసయ్యాడు. నవంబరులో వచ్చే యూత్ సీజన్‌కి మీ ఆఫీసు స్నేహితుడి పొలంలో వేటాడటానికి రాతపూర్వకంగా అనుమతి కూడా తీసుకున్నారు. ఆ స్నేహితుడే తన పాత 12 గేజ్ పంప్ షాట్‌గన్ ఇచ్చాడు (గేజ్ అంటే గొట్టం వెడల్పు కొలత, అంకె పెరిగితే గొట్టం సన్నం). లోపల గాడుల్లేని నున్నటి బ్యారెల్ (గొట్టం), పొడవు 28 అంగుళాలు, చివర ఒక్క ఇత్తడి పూస. చిన్న తూటా వేసే, తన్ను దాదాపు లేని .22 రైఫిల్‌తో సోడా డబ్బాలు వరసగా పడగొట్టే పిల్లవాడు దీనితో 50 గజాల దగ్గర టార్గెట్‌కి కొన్ని గుళ్లు పైనుంచి పోనిచ్చాడు, కొన్ని ముందున్న మట్టిలోకి కొట్టాడు. భుజం కమిలిపోయింది. సీజన్‌కి ఇంకా ఆరు వారాలుంది, ఏ కంపెనీ స్లగ్ (షాట్‌గన్‌లో వేసే ఒకే పెద్ద సీసపు గుండు) కొంటే గురి కుదురుతుందని అడిగారు.

స్లగ్ మార్చినంత మాత్రాన ఇది బాగుపడదండి. .22తో డబ్బాలు కొట్టే పిల్లవాడికి కంటిచూపూ బాగానే ఉంది, చేయి కూడా కుదురుగానే ఉంది. మీరు రాసినదాంట్లోనే రెండు వేర్వేరు జబ్బులు కనిపిస్తున్నాయి. పైకి పోయిన గుళ్లకు కారణం తుపాకీ వాడి ఒంటికి సరిపోకపోవడం. నేలలోకి పోయిన గుళ్లకు కారణం భయం. ఈ రెండిటికీ మందు వేసిన తర్వాతే స్లగ్ రకం గురించి మాట్లాడుకోవడం ఉపయోగం. ఇక్కడ పిల్లలకు తుపాకీ నేర్పే పని చాలా ఏళ్లుగా చేస్తున్నాను. స్లగ్‌తో గురి కుదరని పిల్లల్లో ఎక్కువమందిది ఇదే కథ.

ముందు పైకి పోయిన గుళ్ల సంగతి చూద్దాం. మీ స్నేహితుడి తుపాకీకి వెనుక సైటు (గురి చూసే గుర్తు) లేదు. చివర పూస ఒక్కటే ఉన్నప్పుడు వెనుక సైటు పని చేసేది మన కన్నే. కన్ను ప్రతిసారీ ఒకే ఎత్తులో ఉంటేనే గుండు ఒకేచోట పడుతుంది. 28 అంగుళాల బ్యారెల్‌లో కంటికీ పూసకీ మధ్య దూరం ఇంచుమించు ఒక గజం. అంటే కన్ను పావు అంగుళం పైకి లేస్తే, 50 గజాల దగ్గర గుండు పన్నెండు అంగుళాలకు పైగా ఎత్తులో పోతుంది. దెబ్బ తింటానని భయపడే పిల్లవాడు చెంపను కొయ్యకు (తుపాకీ వెనుక భుజానికి ఆనే భాగానికి) ఆనించడు, తల ఎత్తుకుని పూస వైపు చూస్తాడు. పావు అంగుళం ఏమిటి, అర అంగుళం కూడా లేస్తుంది. పిట్టల కోసం చేసిన తుపాకీ అది. ఎగిరే పిట్ట మీదకు వందల కొద్దీ రవ్వలు వెళ్తాయి కాబట్టి పూస చాలు. ఒకే ఒక్క గుండును ఆరంగుళాల చోటులో పెట్టడానికి పూస చాలదు, పెద్దవాళ్లకు కూడా.

దానికి తోడు కొయ్య పొడవు. పెద్దల షాట్‌గన్‌లో ట్రిగ్గర్ నుంచి కొయ్య చివరి దాకా సుమారు 14 అంగుళాలుంటుంది. 13 ఏళ్ల పిల్లలకు చాలామందికి 12 నుంచి 13 అంగుళాలు సరిపోతుంది. పొడవు ఎక్కువైతే పిల్లవాడు నడుము వెనక్కి వంచి, తల వెనక్కి వేసి, కొయ్య చివరను భుజం గుంటలో కాకుండా జబ్బ మీద పెట్టుకుంటాడు. మీ వాడికి కమిలింది భుజం గుంటలోనా, జబ్బ కండ మీదా? ఒక్కసారి చూడండి. జబ్బ మీదైతే కొయ్య పొడవైందని ఇంకెవరూ చెప్పక్కర్లేదు. సరిచూసే పద్ధతి తేలిక. తుపాకీ ఖాళీ అని ఇద్దరూ వేరువేరుగా చూసుకున్నాక, నవంబరులో వేసుకునే మందపాటి కోటు తొడిగించి తుపాకీ భుజానికి పెట్టించండి. పిడి పట్టుకున్న బొటనవేలికీ ముక్కుకీ మధ్య రెండు వేళ్ల సందు ఉండాలి. టీషర్టు మీద సరిపోయిన తుపాకీ కోటు మీద అంగుళం పొడవైపోతుంది. సెప్టెంబరు ఎండలో రేంజిలో బాగా కొట్టి, చలిలో తప్పే పిల్లల విషయంలో ఈ కోటునే ముందు అనుమానిస్తాను.

ఇప్పుడు నేలలోకి పోయిన గుళ్లు. మామూలు 12 గేజ్ స్లగ్ ఒక ఔన్సు సీసం, సెకనుకు సుమారు 1,560 అడుగుల వేగం. ఏడు పౌండ్ల తుపాకీలో అది వెనక్కి తన్నే శక్తి సుమారు 30 ఫుట్ పౌండ్లు. ఎనిమిది పౌండ్ల .30-06 రైఫిల్ తన్నేది 20 దరిదాపుల్లో ఉంటుంది. అంటే పెద్దవాళ్లు కూడా "గట్టిగా తంతుంది" అనుకునే రైఫిల్ కంటే ఒకటిన్నర రెట్లు. అలాంటిదాన్ని నలభై కేజీల పిల్లవాడి భుజానికి పెట్టి, బెంచీ మీద కూర్చోబెట్టి వరసగా కాల్పిస్తే ఏమవుతుంది? నాలుగో గుండుకల్లా ట్రిగ్గర్ నొక్కబోయే క్షణంలో వాడి ఒళ్లు తనంతట తానే ముందుకు తోస్తుంది, కళ్లు మూసుకుపోతాయి, గొట్టం కిందికి వాలుతుంది. వాడు కావాలని చేస్తున్నది కాదు అది. "భయపడకు", "ధైర్యంగా కొట్టు" అని చెప్పడం వల్ల రవ్వంత లాభం లేదు. సిగ్గు కూడా తోడై ఇంకా పాడవుతుంది. దయచేసి ఆ మాటలు అనకండి, పక్కనున్నవాళ్లనూ అననివ్వకండి.

అందుకే ఈ ఆరు వారాల్లో మొదటి రెండు వారాలు ఆ 12 గేజ్ బీరువాలోనే ఉండనివ్వండి. .22 తీయండి. బెంచీ మీద కాదు, నేల మీద కూర్చుని, మోకాలి మీద ఒంగి, చెట్టుకి ఆనుకుని, మూడు కాళ్ల కర్ర మీద ఆనించి కొట్టించండి. వేటలో వాడికి దొరికేవి ఆ ఆసరాలే. ఊపిరి సగం వదిలి, ఆపి, ట్రిగ్గర్‌ని వేలి కొసతో నెమ్మదిగా వెనక్కి ఒత్తడం, పేలిన తర్వాత కూడా చెంప ఎత్తకుండా గుండు ఎక్కడ పడిందో సైటులోంచే చూడటం. ఈ చివరిది ముఖ్యం. పేలిన తర్వాత కూడా చెంప కొయ్యకు అంటుకుని ఉండటం వాడికి అలవాటైపోవాలి.

ఈలోగా తుపాకీ సంగతి మీరు చూడండి. మూడు దారులున్నాయి.

ఉన్న తుపాకీతోనే సర్దుకోవాలంటే, మీ స్నేహితుడు ఒప్పుకుంటే, పొట్టి కొయ్య, మెత్తటి రబ్బరు ప్యాడ్, సైట్లున్న పొట్టి స్లగ్ బ్యారెల్ తెచ్చుకోవచ్చు. రెమింగ్టన్ 870, మాస్‌బర్గ్ 500 లాంటివైతే ఇవన్నీ విడిగా దొరుకుతాయి, ఇంట్లోనే మార్చుకోవచ్చు. దానిలో లో-రీకాయిల్ (తక్కువ తన్నే) స్లగ్ వాడండి. అదే ఒక ఔన్సు, వేగం 1,200 నుంచి 1,300 అడుగులు. తన్ను దాదాపు సగానికి పడిపోతుంది. "అంత నెమ్మదిగా పోయే గుండు జింకకు సరిపోతుందా?" అని మిమ్మల్ని భయపెట్టేవాళ్లు ఉంటారు. 12 గేజ్ స్లగ్ పైకి ఉబ్బకముందే ముప్పావు అంగుళం వెడల్పుకి దగ్గరగా ఉంటుంది. 50 గజాల లోపు ఊపిరితిత్తుల్లోంచి పోతే జింక దూరం పోదు. చోటు తప్పిన గుండు ఎంత వేగంగా పోయినా జింకను బాధపెట్టడం తప్ప చేసేదేమీ లేదు.

రెండో దారి 20 గేజ్. చాలామంది నేరుగా ఇదే చెప్తారు, నేనూ చాలాసార్లు ఇదే చెప్తాను, కానీ ఒక మెలిక ఉంది. పిల్లల కోసం చేసిన 20 గేజ్ తుపాకులు కొన్ని ఆరు పౌండ్లు కూడా ఉండవు. తేలిక తుపాకీ ఎక్కువ తంతుంది. ముప్పావు ఔన్సు స్లగ్ ఆరు పౌండ్ల తుపాకీలో 20 ఫుట్ పౌండ్ల దాకా తన్నుతుంది. అంటే లో-రీకాయిల్ గుండు వేసిన బరువైన 12 గేజ్ దీనికంటే మెత్తగా ఉంటుంది. కాబట్టి పెట్టె మీద గేజ్ చూసి కొనేయకండి, తుపాకీ బరువు అడగండి. పిల్లవాడు వేటలో ఎలాగూ కర్ర మీద ఆనించి కొడతాడు కాబట్టి బరువు వాడికి మేలే. ఈ రకంలో నాకు బాగా నచ్చింది సావేజ్ 220. 20 గేజ్ బోల్ట్ యాక్షన్, బ్యారెల్ లోపల రైఫిలింగ్ (గుండును తిప్పే మెలికల గాడులు), ఏడు పౌండ్ల పైన బరువు, మెత్తటి ట్రిగ్గర్. మామూలు పంప్ షాట్‌గన్ల ట్రిగ్గర్ గట్టిగా ఉంటుంది, పిల్లవాడి వేలు దాన్ని లాగేలోపే సైటు పక్కకు పోతుంది. ఆ తేడా టార్గెట్ మీద వెంటనే కనిపిస్తుంది.

మూడో దారి అసలు స్లగ్ వదిలేయడం. ఒహాయోలో 2014 నుంచి నిటారు గోడల తూటా (మెడ దగ్గర సన్నబడని గొట్టం ఉన్నది) వాడే రైఫిళ్లను జింక వేటకు అనుమతిస్తున్నారు. .350 లెజెండ్ అలాంటిదే, 2019లో వచ్చింది. దాని తన్ను మామూలు 12 గేజ్ స్లగ్‌లో మూడో వంతు కూడా ఉండదు. కొత్తగా తుపాకీ కొనే ఆలోచన ఉంటే నిజాయితీగా నా సలహా ఇదే. అన్ని రాష్ట్రాల్లో ఇది కుదరదు. న్యూజెర్సీలో ఉన్న మనవాళ్లు ఇది చదువుతుంటే, మీకు జింకకు రైఫిల్ లేదు, షాట్‌గనో మజిల్‌లోడరో (మందూ గుండూ గొట్టం ముందు నుంచి కూరే తుపాకీ) తప్పదు. ఇల్లినాయిస్, మిషిగన్ దక్షిణ భాగం, ఇలా ఒక్కోచోట ఒక్కో రూలు. ఊళ్లు దగ్గరదగ్గరగా ఉండే చోట్ల రైఫిల్ గుండు ఎంత దూరం పోతుందోనన్న భయంతో పెట్టిన నియమాలివి. ఏటా వచ్చే రూల్స్ పుస్తకం చూసుకోవాలి.

స్లగ్‌తోనే వెళ్తారనుకుని ముందుకు పోతాను. ఏ గుండు, ఏ బ్యారెల్ అన్న దగ్గర చాలామంది డబ్బులు పోగొట్టుకుంటారు. పెట్టె మీద "రైఫిల్డ్ స్లగ్" అని ఉంటే అది నున్నటి బ్యారెల్‌కి. దీన్ని ఫాస్టర్ స్లగ్ అంటారు. గుండు మీదే గీతలుంటాయి. ముందు భాగం బరువుగా, వెనుక డొల్లగా ఉండటం వల్ల అది తిన్నగా పోతుంది. ఆ గీతలు గుండును తిప్పేది తక్కువే, చోక్‌లోంచి (గొట్టం చివర ఇరుకుగా ఉండే భాగం) నలిగి బయటికి రావడానికి అవి పనికొస్తాయి. "సేబో" అని ఉంటే ప్లాస్టిక్ తొడుగులో సన్నటి గుండు ఉంటుంది. అది లోపల రైఫిలింగ్ ఉన్న బ్యారెల్‌కి మాత్రమే. ఖరీదైనది కదా అని సేబోని నున్నటి బ్యారెల్‌లో వేస్తే అది తిరగదు, గురి మరీ అన్యాయంగా ఉంటుంది. ఫాస్టర్‌ని రైఫిల్డ్ బ్యారెల్‌లో వేస్తే గాడుల్లో సీసం పేరుకుంటుంది. నున్నటి బ్యారెల్‌కి ఇంప్రూవ్డ్ సిలిండర్ అనే, కొద్దిగా మాత్రమే ఇరుకుండే చోక్ పెట్టండి. బాగా ఇరుకుండే ఫుల్ చోక్ వద్దు.

ప్రతి తుపాకీకీ ఒక ఇష్టం ఉంటుంది. ఒకే మోడల్ తుపాకులు రెండు పక్కపక్కన పెడితే, ఒకటి ఒక కంపెనీ స్లగ్‌ని అరచేతిలో పెట్టినట్టు కొడుతుంది, రెండోది అదే గుండును తలుపంత వెడల్పున చల్లుతుంది. ఐదేసి గుళ్ల పెట్టెలు మూడు నాలుగు రకాలు కొని చూడటం తప్ప అడ్డదారి లేదు. నచ్చింది దొరికాక అదే రకం, అదే లాట్ నంబరు ఉన్నవి ఇంకొన్ని పెట్టెలు తీసి దాచుకోండి.

ఈ పరీక్షంతా మీరు చేయండి, వాడు కాదు. చాలా ఇళ్లలో జరిగేదేమిటంటే, సైటు సరిచేసే గుళ్లన్నీ పిల్లవాడితోనే కొట్టిస్తారు. వాడి తుపాకీ కదా, వాడే చేయాలని. దాంతో సైటు సరిపడే సరికి వాడి గురి చెడుతుంది. మీరు కొట్టండి, లేదా మీ స్నేహితుడి చేత కొట్టించండి. ముందు 25 గజాలు, తర్వాత 50. మూడేసి గుళ్ల గుంపు చూసి సైటు కదపండి, ఒక్క గుండు చూసి కదపకండి. ఇసుక సంచి ముందు కొయ్య కింద ఉండాలి, గొట్టానికి తగలకూడదు. తగిలితే గుండు పడేచోటు మారిపోతుంది. పంప్ తుపాకుల్లో బ్యారెల్ ఊడదీసేది కాబట్టి దాన్ని పట్టి ఉంచే మూత బిగుతుగా ఉందో లేదో ప్రతిసారీ చూడండి. సైటు మౌంటు మరలు కూడా. గుంపు ఉన్నట్టుండి చెదిరిపోయిందంటే ముందు అనుమానించాల్సింది వదులైన మరనే.

సైటు విషయంలో పిల్లలకు రెడ్ డాట్ (అద్దంలో ఎర్ర చుక్క కనిపించే సైటు) బాగుంటుంది. కన్ను ఎంత దూరంలో ఉండాలన్న పట్టింపు లేదు, చుక్కను జింక మీద పెట్టడమే. స్కోపు పెడితే తక్కువ పవర్‌ది, కంటికీ అద్దానికీ మధ్య నాలుగంగుళాల దాకా ఎడం ఇచ్చేది చూడండి. లేకపోతే తుపాకీ తన్నినప్పుడు అంచు కనుబొమకు తగిలి కోసుకుంటుంది. ఒక్కసారి రక్తం చూశాడంటే ఆ పిల్లవాణ్ణి మళ్లీ తుపాకీ దగ్గరికి తీసుకురావడం చాలా కష్టం.

మూడో వారంలో వాడి చేతికి షాట్‌గన్ ఇవ్వండి. స్లగ్గుతో కాదు, పిట్టల రవ్వల తేలిక టార్గెట్ తూటాలతో, నిలబడి కొట్టిస్తూ. నిలబడినప్పుడు ఒళ్లు వెనక్కి ఊగి తన్నును మింగేస్తుంది. బెంచీ మీద ఒంగి కూర్చుంటే దెబ్బంతా భుజమే తినాలి. చెవుల్లో స్పాంజి బిరడాలు, వాటి మీద ఇయర్ మఫ్స్, రెండూ పెట్టండి. పిల్లలు తన్నుకు భయపడుతున్నారని మనం అనుకుంటాం, సగం భయం చప్పుడు వల్లే. రేకుల షెడ్డు కింద ఆ చప్పుడు ఇంకా పెద్దది. వీలైతే బయలు రేంజికి తీసుకెళ్లండి.

అప్పుడు డమ్మీ (పేలని) తూటాల ఆట మొదలుపెట్టండి. వాడు చూడకుండా మీరు నింపుతారు. ఒకసారి నిజం తూటా, ఒకసారి డమ్మీ, వరస తెలియకూడదు. వాడు గురిచూసి ట్రిగ్గర్ నొక్కుతాడు. డమ్మీ వచ్చినప్పుడు గొట్టం కిందికి వాలితే ఆ వాలడం వాడికే కనిపిస్తుంది. మీరేమీ అనక్కర్లేదు. "మళ్లీ పెట్టు నాన్నా" అంటాడు చూడండి, ఆ పట్టుదల పిల్లల్లో చాలా బాగుంటుంది. గొట్టం కదలకుండా టక్‌మనే దాకా ఈ ఆట సాగాలి. అన్ని పిల్లల్లోనూ ఒకే వేగంతో రాదు, కొందరికి ఒక మధ్యాహ్నం చాలు, కొందరికి వారాలు పడుతుంది. ఈ మెట్టు దాటకుండా స్లగ్ ఇవ్వకండి.

స్లగ్ మొదలుపెట్టిన రోజు మూడే గుళ్లు. మిగతా పెట్టె కారులోనే ఉండనివ్వండి, వాడు "ఇంకొకటి" అని అడిగినా సరే. ఇంకొకటి కావాలనే కోరికతో ఇంటికి రావాలి, నొప్పితో కాదు. ఆఖరున .22తో నాలుగు డబ్బాలు కొట్టించి ముగించండి.

ఇప్పుడు దూరం. మీ స్నేహితుడు "ఈ తుపాకీ వంద గజాలు కొడుతుంది" అన్నాడని రాశారు. తుపాకీ కొట్టవచ్చు. ఫాస్టర్ స్లగ్ 50 గజాలకు సైటు పెడితే 75 దగ్గర రెండు అంగుళాల లోపే కిందికి దిగుతుంది, 100 దగ్గర నాలుగైదు అంగుళాలు. 1,560 అడుగులతో బయల్దేరింది వంద గజాలకు వెయ్యి లోపుకి పడిపోతుంది, గాలికి పక్కకూ జరుగుతుంది. కానీ వాడి దూరం వేరే లెక్క. ఆరంగుళాల కాగితం ప్లేట్లు కొనండి. జింక గుండె, ఊపిరితిత్తులున్న చోటు దానికంటే కొంచెం పెద్దదే, ఆ తేడా టెన్షన్ కోసం వదిలిపెడుతున్నాం. కోటు, టోపీ, చేతి తొడుగులతో, వేటలో కూర్చునే ముక్కాలి పీట మీద, కర్ర ఆసరాతో, వేర్వేరు రోజుల్లో కొట్టిన గుళ్లలో వరసగా ఐదు ఆ ప్లేటులో పడిన దూరమే వాడి దూరం. 40 గజాలైతే 40. ఆ రోజు 60 గజాల్లో ఎంత పెద్ద కొమ్ముల జింక నిలబడినా కొట్టడు. ఈ మాట ఇంట్లోనే మాట్లాడుకోండి, పొలంలో గుసగుసలాడుతూ కాదు. దాక్కునే గుడారం చుట్టూ రేంజ్‌ఫైండర్‌తో కొలిచి, ఆ దూరంలో ఉన్న చెట్లకు, కంచె గుంజలకు గుర్తులు పెట్టండి. గుర్తు లోపలికి వస్తేనే తుపాకీ ఎత్తాలి.

జింక వచ్చాక ఎక్కడ కొట్టాలో ముందే బొమ్మలు చూపించి నేర్పండి. అడ్డంగా నిలబడిన జింకకు ముందు కాలి వెనుక అంచు వెంట గీత పైకి తీసుకెళ్తే, పొట్ట గీత నుంచి ఒళ్లు ఎత్తులో మూడో వంతు దగ్గర గుండు పడాలి. కొంచెం అవతలివైపు తిరిగి ఉంటే, అవతలి ముందు కాలిని చూసి కొట్టమనండి. ఎదురుగా తిరిగినది, వెనక్కి తిరిగినది, పరిగెత్తేది, తల, మెడ, ఇవేవీ వద్దు. నడుస్తుంటే మీరు మెల్లగా గొంతుతో "మే" అనండి, చాలాసార్లు ఆగి చూస్తుంది. తుపాకీ ముందే కర్ర మీద సిద్ధంగా ఉన్నప్పుడే ఆ శబ్దం చేయండి. జింక వెనుక ఏముందో చూడటం వాడి పని, దాన్ని రెండోసారి చూడటం మీ పని. చదును పొలంలో తప్పిన స్లగ్ చాలా దూరం పోతుంది, అవతల ఇల్లు, రోడ్డు, ఇంకో వేటగాడు ఉండొచ్చు. వెనుక మట్టికట్టో వాలో ఉన్నచోట కూర్చోండి.

పేలిన తర్వాత కేకలు, కౌగిలింతలు వద్దు. వెంటనే ఇంకో తూటా ఎక్కించమనండి, సైటులోంచే చూస్తూ ఉండమనండి. జింక నిలబడిన చోటు, చివరిసారి కనిపించిన చోటు, రెండూ గుర్తుపెట్టుకోండి. ఊపిరితిత్తుల్లో తగిలినా యాభై వంద గజాలు పరిగెత్తడం మామూలే. అరగంట ఆగండి. నురగతో కూడిన ఎర్రటి రక్తం ఉంటే దగ్గర్లోనే ఉంటుంది. ఆకుపచ్చో గోధుమరంగో ముద్ద కనిపిస్తే పొట్టలో తగిలినట్టు. వెంటపడితే లేచి మైళ్లు పోతుంది. వెనక్కి వచ్చేసి కొన్ని గంటలు ఆగి, తెలిసినవాళ్లను తోడు తీసుకుని వెళ్లండి. వెతకడం మాత్రం మానకండి. పిల్లవాడు దగ్గరుండి అదంతా చూడాలి.

నియమాల సంగతి కొద్దిగా. యూత్ సీజన్‌లో వాడి పక్కన ఉండే పెద్దవాళ్లు వేటాడకూడదు, ఇద్దరూ నారింజ రంగు చొక్కా వేసుకోవాలి. షాట్‌గన్‌లో మూడు తూటాలకు మించి పట్టకుండా ప్లగ్ ఉండాలి. కొట్టాక గేమ్ చెక్ (కొట్టిన జింకను రాష్ట్రానికి తెలియజేయడం) నమోదు చేయాలి. మనవాళ్లలో చాలామందికి తెలియని ముఖ్యమైన సంగతి ఇంకొకటుంది. హెచ్-1బి, హెచ్-4 లాంటి వీసాల మీద ఉన్నవాళ్లు తుపాకీ గానీ తూటా గానీ దగ్గర పెట్టుకోవడాన్ని ఫెడరల్ చట్టం నిషేధిస్తుంది. రాష్ట్రం ఇచ్చిన చెల్లుబాటయ్యే హంటింగ్ లైసెన్స్ ఉంటే మినహాయింపు ఉంది. గ్రీన్ కార్డు ఉంటే ఈ నిషేధం వర్తించదు. మీ స్టేటస్ ఏమిటో మీరు రాయలేదు. వీసా మీద ఉంటే, లైసెన్స్ చేతిలో పడకముందు రేంజిలో కూడా తుపాకీ ముట్టుకోకండి, ఇమిగ్రేషన్ లాయరుతో ఒక్కసారి మాట్లాడండి.

మీ అమ్మగారు "జింకను చంపడం పాపం, జైల్లో వేస్తారు" అని ఫోన్‌లో అన్నారని చివర్లో రాశారు. ఇండియాలో ఆవిడ అన్నది నిజమే, 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అది నేరం. ఇక్కడి కథ వేరని చెప్పండి. 1904 నాటికి ఒహాయోలో జింకలు పూర్తిగా అంతరించాయి. మళ్లీ తెచ్చి వదిలి, కాపాడి పెంచారు. తోడేళ్లు లేని ఈ పొలాల్లో వాటి సంఖ్య అదుపులో ఉంచేది సీజన్ పెట్టి ఇచ్చే ఈ వేటే. లైసెన్స్ డబ్బులు, 1937 చట్టం ప్రకారం తుపాకులు, తూటాల మీద వసూలయ్యే పన్ను తిరిగి అడవి జంతువుల సంరక్షణకే వెళ్తాయి. ఆవిడకు నచ్చకపోవచ్చు, అది ఆవిడ మనసు. మాంసం కొంచెం కూడా వృథా కానివ్వనని మాత్రం ఆవిడకు మాటివ్వండి.

తర్వాత రాసేటప్పుడు బ్యారెల్ పక్కన చెక్కి ఉన్న అక్షరాలు, చోక్ పేరు, కోటు మీద కొలిచిన కొయ్య పొడవు, కమిలిన చోటు చెప్పండి. ఆ తుపాకీ ఉంచుకోవాలో మార్చాలో అప్పుడు ఖాయంగా చెప్తాను. ఈ శనివారానికి మాత్రం .22, రెండు జతల ఇయర్ మఫ్స్, ఒక కట్ట కాగితం ప్లేట్లు, ఇవి చాలు.